కాలుష్యమే కనువిందు

పర్యావరణవాదులకు ముందుచూపు తక్కువని నాకు ఎప్పటినుంచో అనుమానం. వాళ్లు ఒక్కసారి తైవాన్ వెళ్లి, పొద్దున్నే తైపేలో బస్సెక్కి, జెండా పట్టుకున్న గైడ్ వెనకాల యెహ్లియు, షిఫెన్, జింగ్వాషీ, జ్యుఫెన్ అన్నీ చీకటి పడేలోగా చుట్టేసి రావాలి. గనుల కోసం కొండను గుల్ల చేయడం ఎంత దూరదృష్టితో చేసిన పనో అప్పుడు గానీ బోధపడదు.

యెహ్లియు సముద్రతీరంలో మనిషి పెట్టిన చెయ్యి లేదు. గాలీ అలలూ ఇసుకరాయిని అరగదీసి రాణి తలలా చెక్కాయి. ఏం లాభం? మెడ ఏటేటా సన్నబడుతోంది, ఎప్పుడు విరుగుతుందోనని అందరికీ టెన్షన్. ప్రకృతి పనికి గ్యారంటీ కార్డు ఉండదు.

షిఫెన్‌లో 1921లో బొగ్గు కోసం వేసిన రైలుపట్టాలే ఇప్పుడు ఆకాశదీపాలకు వేదిక. పట్టాల మధ్య నిలబడి, కాగితం దీపం మీద కుంచెతో "మావాడికి హెచ్‌1బీ లాటరీ తగలాలి" అని రాసి, రైలొస్తే పక్కకు జరిగి, పోగానే మళ్లీ పట్టాల మీదికొచ్చి ఎగరేయాలి. అది కాసేపటికి ఏ చెట్టుకో చిక్కుకుంటుంది. ఊరివాళ్లు ఏరుకొచ్చి అప్పగిస్తే చిన్న మొత్తమేదో ముడుతుంది. కోరిక తీరేది అసలు వాళ్లకే.

జింగ్వాషీలో మాత్రం నిజంగానే చెయ్యెత్తి మొక్కాలి. పాత గనుల్లోంచి ఊరే నీళ్లలో ఇనుము, రాగి, ఆర్సెనిక్ కలిసి రాళ్లకు పసుపు పూశాయి. దాని పేరు బంగారు జలపాతం. నీళ్లు ముట్టుకోవద్దు, ఫొటోలు ఎన్నయినా తీసుకోండి అంటాడు గైడ్. కింద సముద్రం సగం నీలం, సగం పసుపు. చాన్నాళ్లు ఇదంతా పక్కనున్న రాగి ఫ్యాక్టరీ పాపమేనన్నారు. 1987లో ఆ ఫ్యాక్టరీ నడిపిన గనుల కంపెనీ మూతపడ్డా రంగు పోలేదు, కొండలోని ఇనుప ఖనిజమే కారణమన్నారు. మరి ఇన్నేళ్లు నింద మోసిన ఫ్యాక్టరీకి నష్టపరిహారం ఎవరిస్తారండీ?

అక్కడి మ్యూజియంలో 220 కిలోల బంగారు దిమ్మె ఉంది, అద్దాల పెట్టెకున్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టి నిమరొచ్చు. మన లెక్కలో 22 వేల తులాలు, తరుగూ మజూరీ లేకుండా. మనవాళ్లు అక్కడ కాస్త ఎక్కువసేపే చెయ్యి తీయరు.

చివరికి జ్యుఫెన్. 1971లో బంగారు గని ఆగిన ఊళ్లో ఇప్పుడు మెట్ల సందుల నిండా మనుషులు, వానొస్తే ముందున్నవాళ్ల గొడుగు నీళ్లన్నీ మీ కాలర్‌లోకే. టీకి, చామదుంప ఉండలకి టైమిస్తారు.

జింగ్వాషీలోనే ఇంకో చోటుంది. 1942 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం బ్రిటిష్, ఇతర మిత్రదేశాల యుద్ధఖైదీలను వేయిమందికి పైగా అక్కడి శిబిరంలో ఉంచి రాగి గనిలో చాకిరీ చేయించింది. స్మారకం కూడా ఉంది గానీ, మామూలు ప్యాకేజీలో ఆ స్టాప్ ఉండదు. ఫొటోలో పడే పసుపు రంగు అక్కడ లేదు మరి.