మెష్ కొనే ముందు గోడల సంగతి చూడండి

పై అంతస్తులో వైఫై అందకపోతే మెష్ రూటర్లు (ఒకే వైఫైని ఇల్లంతా పంచే రెండు మూడు పెట్టెల జట్టు) కొనుక్కోమని మీరు వేసిన వైఫై వ్యాసంలో వ్యాసకర్త గారు సలహా ఇచ్చారు. అద్దె ఇంట్లో ఉండేవారికి అది సరే. సొంత ఇల్లు కట్టుకుంటున్నవారికి మాత్రం ఇది సగం సలహానే. ఇనుప చువ్వలున్న కాంక్రీటు శ్లాబు 5 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని (వైఫైలో వేగమైన తరంగాన్ని) బాగా దెబ్బతీస్తుంది. కింద ఒకటి, పైన ఒకటి పెట్టిన మెష్ పెట్టెలు మాట్లాడుకోవలసింది కూడా ఆ శ్లాబు గుండానే కదా! రెండింటి మధ్య క్యాట్ 6 కేబుల్ (ఇంటర్నెట్ మోసే తీగ) ఉంటే ఆ బాధే లేదు.

గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే ముఖ్యమైన గదులకు ఈ కేబుల్ కోసం విడిగా పైపు వేయించండి. కరెంటు తీగల పైపులోనే ఇదీ దూర్చేద్దామని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోవద్దు. కేబుల్ పూర్తి రాగిదేనా అని అడిగి కొనండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినది చవకగా దొరుకుతుంది, పైకి చూస్తే తేడా తెలియదు, వంపుల దగ్గర త్వరగా విరుగుతుంది. ఎనిమిది తీగల్లో ఒక్కటి తెగినా గిగాబిట్ వేగం (సెకనుకు 1000 మెగాబిట్లు) రాదు. గోడలోకి వెళ్లాక దాన్ని వెతికేదెవరు?

టీవీ గురించి ఒక మాట. చాలా టీవీల ఈథర్నెట్ పోర్టు (ఈ కేబుల్ గుచ్చే చోటు) సెకనుకు 100 మెగాబిట్లదే. వేగ పరీక్షలో వైఫై అంకె పెద్దగా కనిపించిందని కేబుల్ పీకేయకండి. 4కె ప్రసారానికి 25 మెగాబిట్లు ధారాళంగా సరిపోతాయి, కావలసింది తెరిపి లేకుండా రావడం. అన్నట్టు, కొన్ని చవక మెష్ మోడళ్ల పోర్టులు కూడా 100 మెగాబిట్లవే. వ్యాసంలోని ధరల పట్టికలో ఆ వివరం కూడా చేర్చండి.