తిరుపతిలో హైఫై ఆడియో షాపు పెడితే ఏ బ్రాండ్లు పెట్టాలి?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది విదేశీ రివ్యూలు చూసి జాబితా చెప్పేస్తారు. నేనైతే ముందు నేల చూస్తాను. తిరుపతిలో ఏ అపార్ట్‌మెంట్ హాల్లోకెళ్లినా కింద టైల్స్, చుట్టూ బోసి గోడలు, తివాచీ ఊసే ఉండదు, అలాంటి చోట పై స్వరాలు గోడలకి తగిలి తిరిగొచ్చి చెవుల్లో గుచ్చుకుంటాయి. అందుకే పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లకి, అంటే ట్వీటర్లకి, బాకా లాంటి హారన్ తగిలించే క్లిప్ష్‌కి ఎంత పేరున్నా నా షాపులో చోటు లేదు, నా చెవికి ఆ శబ్దం ముందే కాస్త చురుకు. డెమో గదికీ టైల్సే వేయిస్తాను. మెత్తటి గదిలో విని కొన్నవాడు ఇంటికెళ్లాక తిట్టుకునేది నన్నే కదా!

స్పీకర్లలో మొదట వార్ఫ్‌డేల్ డైమండ్. 1932లో యార్క్‌షైర్‌లో గిల్బర్ట్ బ్రిగ్స్ పెట్టిన కంపెనీ, ఇప్పుడు సరుకు చైనాలో తయారవుతోందని ముక్కు విరిచేవాళ్లున్నారు, విరవనివ్వండి. గాయని గొంతు వెనక తంబురా శ్రుతి విడిగా వినపడుతోందా, నాదస్వరం గీ పెట్టకుండా పలుకుతోందా, నా పరీక్ష అంతే. దానికి పై మెట్టు కెఫ్. వాళ్ల యూని-క్యూ అనే అమరికలో ట్వీటర్ పెద్ద స్పీకర్ కోన్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి సోఫాలో నాన్నకీ, పక్క కుర్చీలో అమ్మకీ పాట దాదాపు ఒకేలా వినిపిస్తుంది. కాకపోతే వాళ్ల ఎల్ఎస్50 మోడల్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి పలికే జోరు, 85 డెసిబెల్సే, ఇంకో 3 డెసిబెల్స్ పెంచాలంటే వాట్లు రెట్టింపు కావాలి, స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్‌కి (ఆంప్‌కి) వేరే డబ్బు తీయాల్సిందే.

ఆంప్‌లలో నా ఓటు నాడ్‌కి. 1978లో వచ్చిన వాళ్ల 3020 మోడల్ చెప్పుకోడానికి 20 వాట్లే, అయినా ఇప్పటికీ దాని పేరు చెబుతారు. మనవాళ్లు మాత్రం "ఎన్ని వాట్లన్నా?" అనే మొదలుపెడతారు, గంగమ్మ జాతర బాక్సుల ముందు పెరిగిన చెవులు మరి, పైగా అట్టపెట్టెల మీద వేలల్లో వేసే పీఎంపీఓ అనే ఉబ్బించిన వాట్ల అంకె ఒకటి!

డెనాన్, మరాంట్జ్, బోవర్స్ అండ్ విల్కిన్స్, జేబీఎల్ నాలుగూ 2025 నుంచి శాంసంగ్ వాళ్ల హర్మన్ గొడుగు కిందే ఉన్నాయి. వాటిలో నాకు డెనాన్ ఒక్కటి చాలు. రిపేరుకి ప్రతిదీ చెన్నై మోసుకెళ్లలేం కాబట్టి, 1970 నుంచి ఉన్న కోల్‌కతా సోనోడైన్‌కి కూడా ఒక అర ఇస్తాను.

బంగారు పూత కేబుళ్లు అడిగేవాళ్లు పక్క షాపు చూసుకోవాలి. మామూలు రాగి వైరు మీటరు లెక్కన నా దగ్గర దొరుకుతుంది.