కథ మే డేది, చలి నవంబరుది

బ్రిటిష్ హారర్ సినిమా ‘ది వికర్ మ్యాన్’ (1973) గురించిన మీ వ్యాసంలో దాన్ని వసంతంలో తీశారని రాశారు. కథ మే డే (మే ఒకటిన జరిపే వసంత పండుగ) నాటిదే గానీ షూటింగ్ జరిగింది 1972 అక్టోబరు, నవంబరుల్లో, స్కాట్లాండ్ చలిలో. ఆ చెట్ల పూత చాలావరకు చేత్తో అతికించిందే. నోటి వెచ్చటి తేమ చల్లగాలికి తగిలి పొగలా కనబడుతుంది కదా, అందుకని షాట్‌కి ముందు నటులు ఐసుముక్కలు చప్పరించేవారు.

ఇంకోటి, ఏ ప్రింటు చూశారో చెప్పలేదు. అప్పట్లో థియేటర్లకు వెళ్లింది సుమారు 87 నిమిషాల కత్తిరింపు. అందులో, తప్పిపోయిన అమ్మాయి కోసం ద్వీపానికి వచ్చిన పోలీసు సార్జెంట్ హోవీ సత్రంలో గడిపే రెండు రాత్రులు ఒక్కటైపోయాయి. పెద్ద ప్రింటులో మొదటి రాత్రి సత్రం యజమాని కూతురు విల్లో గదికి ఓ కుర్రాణ్ణి పంపుతారు, కింద ‘జెంట్లీ జానీ’ పాట సాగుతుంటుంది. ఆమె హోవీని గోడ అవతల నుంచి పాడి కవ్వించేది రెండో రాత్రి. ఊరు అతన్ని మెల్లగా చుట్టుముడుతున్న సంగతి అక్కడే తెలుస్తుంది. చిన్న ప్రింటులో హోవీ వచ్చీ రాగానే విల్లో పాటా డాన్సూ! మొదటిసారి చూసేవాళ్లు 2013 నాటి ‘ఫైనల్ కట్’ పట్టుకోండి. అందులో పెద్ద ప్రింటు మొదట్లోని పోలీస్ స్టేషన్ సీన్లు ఉండవు, వాటి లోటేమీ తెలియదు.