డీబస్సుకి లాప్‌టాప్‌లో ఏం పని?

లినక్స్ లాప్‌టాప్ నెమ్మదించిందంటే చాలు, శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఇప్పుడు ఒకటే వైద్యం: ‘ఈ పాతిక సర్వీసులూ ఆపెయ్’. సర్వీసులంటే తెర వెనక నడిచే చిన్న ప్రోగ్రాములు. జాబితా వాట్సాప్‌లో వస్తుంది. ఏది ఎందుకు ఆపాలో అందులో ఉండదు. చివర్న రాకెట్ బొమ్మ మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఇంత గొప్ప సంస్కరణ శాస్త్రోక్తంగా జరగాలి కదా. గంటస్తంభం దగ్గర టీకొట్టు బల్ల మీద నాలుగు జీబీల సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ తెరిచి, జాబితాదారు గారు విచారణకి కూర్చున్నారనుకోండి. సర్వీసులన్నీ వరసలో నిలబడ్డాయి.

“నువ్వేటి సేస్తావు?”

“కప్స్ అంతారు బావూ. ప్రింటర్ పని సూస్తాను.”

“ప్రింటరేదీ?”

“నేదు బావూ. జెరాక్సు షాపుకే ఎల్తారు.”

“పో.”

తీర్పు న్యాయమే. కానీ కప్స్ అలా వెళ్ళి, సందు తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. సర్వీసుని ఆపారు గానీ కప్స్ సాకెట్, కప్స్ పాత్ అనే ఇద్దరు గుమ్మంలోనే ఉన్నారు. ప్రింట్ అన్న మాట వినపడితే చాలు, దాన్ని లేపుతారు. ‘ఆపాను గానీ, వీటివల్ల మళ్ళీ లేవగలదు’ అని, సర్వీసుల్ని నడిపే, ఆపే కమాండ్ సిస్టమ్‌సీటీఎల్ తెర మీదే చెప్తుంది. చదివే తీరిక ఎవరికి? మూడింటినీ కలిపి డిజేబుల్ చేస్తేనే అది ఇంటికెళ్తుంది.

తర్వాత మోడెమ్‌మేనేజర్. సిమ్ము వేసే డాంగిల్ లేదు, వాడేది ఫోన్ హాట్‌స్పాట్. దీన్ని పంపించెయ్యొచ్చు. యూఎస్‌బీ తీగతో టెథరింగ్ చేసినా దీని అవసరం లేదు. పైగా పాత వెర్షన్లలో, ఆర్డ్యునో (ప్రాజెక్టులకి వాడే చిన్న సర్క్యూట్ బోర్డు) గుచ్చగానే ఇదేదో మోడెమేమోనని సీరియల్ పోర్టు తట్టి చూసి, ప్రోగ్రాం ఎక్కనివ్వకుండా ఇంజినీరింగ్ పిల్లల్ని ఏడిపించిన ఘనత కూడా ఉంది. తర్వాత వచ్చిన బ్లూటూత్ సర్వీసు ఇయర్‌బడ్స్ చూపించి బతికిపోయింది. అప్పుడు పిలుపొచ్చింది, ప్రోగ్రాముల మధ్య కబుర్లు మోసే డీబస్‌కి.

“బస్సైతే కాంప్లెక్స్‌లో ఉండాలి. ఇక్కడేటి పని?”

“నాను నేకపోతే ఒకుడి మాట ఒకుడికి ఇనపడదు బావూ...”

“ఎదురు సమాధానమా? మాస్క్!”

డిజేబుల్ అంటే బూట్‌లో దానంతట అది లేవదు, అంతే. మాస్క్ అంటే ఎవరు పిలిచినా లేవలేదు. ఈ తేడా తెలియనివాడి చేతికే పెద్ద కత్తి దొరుకుతుంది. అదే ఊపులో, లాగిన్లు చూసుకునే లాగిన్‌డీ పోయింది. ఇక డెస్క్‌టాప్ సరిగ్గా రాదు. ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే పోల్‌కిట్ పోయింది, పెన్‌డ్రైవ్ పెడితే అనుమతి లేదంటుంది. అన్నిటికన్నా తమాషా, సైటు పేరుకి అడ్రసు వెతికిపెట్టే రిజాల్వ్‌డీ మీద పడ్డ వేటు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్‌లోని 8.8.8.8 అనే అడ్రసుకి పింగ్ కొడితే జవాబొస్తుంది, ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు. ఉబుంటు అనే లినక్స్‌లో ఏ సైటు పేరైనా ముందు మిషన్ లోపలి అడ్రసు 127.0.0.53ని అడుగుతారు, అక్కడ కూర్చుని జవాబు చెప్పేది రిజాల్వ్‌డీయే. కుర్రాడు నెట్ వాడిని తిట్టుకుంటూ రౌటర్ ఆపి వేసి, ఆపి వేసి అలిసిపోతాడు.

ఇంతటి తీర్పులకి ఆధారం? ‘సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్’ కొడితే వచ్చిన, బూట్‌లో ఏ సర్వీసు ఎన్ని సెకన్లు తీసుకుందో చెప్పే చిట్టా. అందులో తరచుగా పైన కనపడేది, నెట్ వచ్చేదాకా కాచుక్కూర్చునే నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్. దాన్ని నిక్షేపంగా ఆపొచ్చు, బూట్‌లో నెట్‌వర్క్ డ్రైవులు మౌంట్ చేసే మిషన్ కాకపోతే. కానీ పేరు సగమే చదివి నెట్‌వర్క్‌మేనేజర్‌నే లేపేస్తే వైఫై మెనూ మాయం. ఆ చిట్టాలో సెకన్లు కూడి లాభం లేదు, సర్వీసులు చాలావరకు ఒకేసారి లేస్తాయి. బూట్ నిజంగా దేనికోసం ఆగిందో చూడాలంటే బ్లేమ్ బదులు క్రిటికల్-చైన్ అని కొట్టాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అదే జాబితాలో ‘అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్’ అని ఒక లైను ఉంటుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చేది అదే. దాన్ని ఆపమని చెప్పేవాడికి బుద్ధుందా? కప్స్-బ్రౌజ్డ్ అనే సర్వీసు యూడీపీ 631 పోర్టులో ఎవరు ఏ ప్రింటర్ పేరు చెప్పినా నమ్ముతోందని, ఆ ప్రింటర్‌కి ఒక్క కాగితం పంపితే బయటివాడి కమాండ్ మన మిషన్లో నడిచే దారుందని 2024 సెప్టెంబరులో బయటపడింది. ప్రింటర్ లేని ఇంట్లో మొట్టమొదట పోవలసింది అది. జాబితాలో అది లేదు! తలుపు తీసి ఉంచి, తాళం బాగుచేసేవాడిని పంపించేశారు. రాజాంలో ఒక తండ్రి అప్పు చేసి కొన్న లాప్‌టాప్ అది, పిల్ల అందులోనే ఫీజు కడుతుంది, అందులోనే పరీక్ష దరఖాస్తు పెడుతుంది. మీ రాకెట్ బొమ్మ కోసమా దాన్ని వీధిలో నిలబెట్టింది?

పోనీ మెమరీ ఏమైనా మిగిలిందా? సర్వీసు స్టేటస్ అడిగితే ‘మెమరీ’ అనే లైనులోనే కనపడుతుంది: అవాహి (ఇంటి నెట్‌వర్క్‌లో పరికరాల్ని వెతికేది), బ్లూటూత్, మోడెమ్‌మేనేజర్ వగైరా ఒక్కొక్కటీ కొద్దిపాటి ఎంబీలు. పక్కన బ్రౌజర్లో ముప్పై ట్యాబులు జీబీల లెక్కన మింగుతుంటాయి. దాన్ని విచారణకి పిలిచినవాడు లేడు. నాలుగు జీబీల మిషన్‌కి ట్యాబులు మూసి, జెడ్‌రామ్ (మెమరీలో ఉన్నదాన్ని కుదించి చోటు మిగిల్చేది) పెట్టుకుంటే వచ్చే హాయి ఈ పాతికా ఆపినా రాదు.

ఇప్పటికే మాస్కులు కొట్టేసి నల్లతెర చూస్తున్నవాళ్ళకి: ఉబుంటు అయితే బూట్‌లో ఎస్కేప్, పాత బయాస్ అయితే షిఫ్ట్ నొక్కి గ్రబ్ అనే బూట్ మెనూ తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రికవరీ మోడ్, అందులో రూట్ షెల్ (సర్వాధికారాలతో కమాండ్లు కొట్టే చోటు). డిస్కు చదవడానికి మాత్రమే ఇస్తే, రాయడానికి కూడా వీలయ్యేలా ముందు రీమౌంట్ చెయ్యాలి. ఈటీసీలో సిస్టమ్‌డీ, అందులో సిస్టమ్ ఫోల్డర్లో (/etc/systemd/system) డెవ్-నల్ (/dev/null, అంటే శూన్యం) వైపు చూపిస్తున్న లింకులే మీరు మాస్క్ చేసినవి; ఒక్కొక్క పేరుకీ అన్‌మాస్క్ కొట్టి రీబూట్ చెయ్యండి. ఈ నాలుగు ముక్కలు జాబితా కింద రాసినవాడు ఇంతవరకు కనపడలేదు. రాకెట్ బొమ్మకే చోటు సరిపోయింది మరి.