మేయో రోజులకు ఇంత తక్కువ చోటా?

ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్ (చేతులతోనూ కాళ్లతోనూ ఆడే ఐరిష్ సంప్రదాయ ఆట) క్రీడాకారిణి కోరా స్టాంటన్ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ సగానికి పైగా ఆమె ఆస్ట్రేలియాలో ఆడిన కాలం గురించే రాశారు. 2018లో, 36 ఏళ్ల వయసులో, సిడ్నీ జట్టు జీడబ్ల్యూఎస్ జెయింట్స్ తరఫున ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అనే కొత్త ఆటలో బరిలోకి దిగడం మామూలు విషయం కాదు, నిజమే. అయినా ఆమెను ఆమెగా చేసింది ఐర్లండ్‌లోని మేయో కౌంటీ.

13 ఏళ్లకే మేయో సీనియర్ జట్టులోకి వచ్చిన పిల్ల. 1998లో తల్లిని క్యాన్సర్ తీసుకుపోయింది. మరుసటి ఏడాది, కౌంటీ జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ ఆల్ ఐర్లండ్ ఫైనల్ దగ్గర పడ్డాక కాలర్‌బోన్ విరిగింది. ఆడే పరిస్థితి లేదు. అయినా జట్టు ఆమెను పక్కన పెట్టలేదు. మొదటి పదిహేను మందిలో నిలబెట్టి, ఆట మొదలవగానే బయటికి పిలిచారు. అంత మర్యాద ఇచ్చారు. ఆ మ్యాచ్‌తోనే మేయో మహిళలకు తొలి టైటిల్ దక్కింది. తర్వాత 2000, 2002, 2003లో కూడా గెలిచారు. ఈ నాలుగు సంవత్సరాలకు మీరు ఒక్క వాక్యం ఇచ్చారు!

ఇంకో ముఖ్యమైన మాట వదిలేశారు. గేలిక్ ఫుట్‌బాల్‌లో జీతం ఉండదు. ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు సాధన చేస్తూ, రెండు దశాబ్దాలకు పైగా కౌంటీ జెర్సీ వేసుకుంది. 2017 ఫైనల్‌లో డబ్లిన్ చేతిలో ఓడినప్పుడు డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో 46,286 మంది ప్రేక్షకులు ఉన్నారు. మేయో తరఫున ఆమె చివరి మ్యాచ్ అదే. దాని గురించి విడిగా ఒక వ్యాసం రాయండి, దయచేసి.