ఆ బ్యాటరీ మెసేజ్‌లో నాలుగో పాయింట్ మాత్రం ఎవరూ చెయ్యొద్దు

మళ్లీ వచ్చింది. "కెమెరా బ్యాటరీ ఛార్జ్ నిలబడట్లేదా? పారేయకండి! ఈ 7 చిట్కాలతో కొత్తదానిలా పనిచేస్తుంది, ఫొటోగ్రాఫర్ సోదరులందరికీ షేర్ చెయ్యండి" అని మొదలయ్యే మెసేజ్. మాఘమాసం పెళ్లిళ్లు మొదలైన దగ్గర్నుంచి శ్రీకాకుళం గ్రూపులో ఒకరు, విజయనగరం గ్రూపులో ఇంకొకరు, టెక్కలి నుంచి ఒక తమ్ముడు, పంపిస్తానే ఉన్నారు. ఏటి బాబూ ఇది, పంపేముందు ఒక్కసారి చదివారా అని అడిగితే "మంచిదే కదన్నా, పదిమందికీ ఉపయోగపడుద్ది" అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

అందులో ఉన్నవి ఇవి. ఒకటి, కొత్త బ్యాటరీని మొదటిసారి 12 గంటలు ఛార్జింగ్‌లో ఉంచాలంట. రెండు, ఎప్పుడూ పూర్తిగా జీరో అయ్యాకే ఛార్జ్ పెట్టాలంట. మూడు, బ్యాకప్ తగ్గితే కవర్లో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రీజర్లో పెట్టాలంట. నాలుగు, ఛార్జర్ లైటు గబగబా కొట్టుకుంటూ ఛార్జ్ ఎక్కకపోతే ఇంకో ఫుల్ బ్యాటరీ నుంచి రెండు వైర్లతో ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కాసేపు తగిలిస్తే లేస్తుందంట, అప్పటికీ లేవకపోతే పైన ప్లాస్టిక్ విప్పి డైరెక్టుగా సెల్లుకే ఇవ్వాలంట. అయిదు, ఉబ్బిపోతే సూదితో చిన్న బెజ్జం పెట్టి గ్యాస్ తీసెయ్యాలంట. ఆరు, డూప్లికేట్ అయినా పర్లేదు, ఎంఏహెచ్ (అంటే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఎక్కువ రాసున్నది కొనుక్కోవాలంట. ఏడు, పిన్నులు శుభ్రంగా తుడవాలంట, వాడనప్పుడు కెమెరాలోంచి తీసెయ్యాలంట.

మొదటిదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన కెమెరా బ్యాటరీల్లో ఎక్కువగా లోపల రెండు సెల్లులు, అంటే రెండు చిన్న బ్యాటరీలు ఉంటాయి. అలాంటి బ్యాటరీ 8.4 వోల్టులకి వచ్చి, ఎక్కే కరెంటు బాగా తగ్గిపోయాక ఛార్జర్ తనంతట తానే ఆపేస్తుంది, ఆ తర్వాత 12 గంటలు ఉంచినా 20 గంటలు ఉంచినా అదనంగా ఎక్కేదేమీ లేదు.

రెండోది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం మాట. వాటికి సగంలో ఛార్జ్ పెడితే అంతవరకే గుర్తుపెట్టుకునే జబ్బు ఉండేది, నిజమే. కానీ ఇప్పుడు మన కెమెరాల్లో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని సోనీ మార్కెట్లోకి తెచ్చిందే 1991లో, అది కనిపెట్టిన పనికి ముగ్గురు శాస్త్రవేత్తలకి 2019లో నోబెల్ కూడా వచ్చింది, మనమింకా కాడ్మియం సూత్రాలే ఫార్వర్డ్ చేసుకుంటున్నాం. లిథియంకి ఆ జబ్బు పట్టించుకోవాల్సినంత లేదు. పైగా ప్రతిసారీ జీరో దాకా లాగితేనే తొందరగా అరుగుతుంది. స్నాతకం అయ్యాక 40 శాతం ఉంటే అక్కడే ఛార్జ్ పెట్టెయ్యండి, జీలకర్ర బెల్లం టైముకి చచ్చిపోయిన బ్యాటరీ పట్టుకుని పరిగెత్తే పని ఉండదు. ఇందులో ఒక్క ముక్క ఒప్పుకుంటాను: కెమెరాలో చూపించే శాతం లెక్క తప్పుతున్నప్పుడు, అంటే 30 ఉన్నది ఒక్కసారిగా ఆఫ్ అయిపోతున్నప్పుడు, ఒకసారి కెమెరా ఆఫ్ అయ్యేదాకా వాడి మళ్లీ ఫుల్ చేస్తే చిప్ ఉన్న బ్యాటరీల్లో ఆ లెక్క సరిపడొచ్చు. సరిపడేది లెక్కే, కెపాసిటీ కాదు. పోయిన కెపాసిటీ పోయినట్టే.

అసలు చాలామందికి తిరకాసు ఇక్కడే. "ఫుల్ చూపిస్తోందన్నా, కానీ గంటకే దిగిపోతోంది" అంటారు. పూడిక పడ్డ చెరువు కట్ట దాకా నిండినా నీళ్లు మాత్రం ముందులా ఉండవు కదా, ఇదీ అంతే. ఛార్జర్‌కి వోల్టేజీ తెలుస్తుంది, అది పైదాకా వచ్చింది కాబట్టి ఫుల్ అంటుంది. లోపల మాత్రం ప్రతి ఛార్జ్‌కీ కొంచెం కొంచెం లిథియం పనికిరాని పొరగా మారిపోతూ ఉంటుంది, సెల్లు లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుతూ ఉంటుంది, అందుకే పాత బ్యాటరీ మీద వీడియో పెట్టగానే వోల్టేజీ పడిపోయి కెమెరా ఆఫ్ అయిపోతుంది. ఇంకా తొందరగా అరగాలంటే ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఫుల్ ఛార్జ్‌తో వదిలెయ్యండి చాలు, మే నెలలో మన దగ్గర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అరిగిన దాన్ని కొత్తది చేసే చిట్కా ఏ మెసేజ్‌లోనూ ఉండదు.

ఫ్రీజర్ సంగతి. చల్లటి చోట, సగం ఛార్జ్‌తో దాచుకుంటే నెమ్మదిగా అరుగుతుంది, అంతవరకే నిజం. లంబసింగిలో తెల్లవారుజామున షూట్‌కి వెళ్లినవాళ్లని అడగండి, చలికి బ్యాటరీ ఎలా కూలబడిపోతుందో, జేబులో పెట్టుకుంటే మళ్లీ ఎలా తేరుకుంటుందో చెప్తారు. ఆ తేరుకోవడం చూసి చల్లదనమే మందు అనుకున్నారేమో తెలీదు గానీ, తేరుకున్నది వెచ్చదనానికి. ఫ్రీజర్లోంచి తీయగానే పైన తేమ పడుతుంది, అలాగే ఛార్జర్లో పెట్టేస్తే ఇంకా ఘోరం. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ ఎక్కిస్తే లిథియం లోపలికి ఇంకకుండా మెటల్‌గా పైనే పేరుకుపోతుంది, అది మళ్లీ షార్ట్‌కి దారి.

ఇక నాలుగోది. ఇది రాసినవాడు ఎవడో గానీ వాడి మీద నాకు నిజంగా కోపం ఉంది. ఎందుకంటే ఇది కొన్నిసార్లు పనిచేస్తుంది. అవును, వైర్లు తగిలిస్తే కొన్ని బ్యాటరీలు లేస్తాయి, ఛార్జర్ లైటు మామూలుగా వెలుగుతుంది, "చూశావా అన్నా" అని స్టేటస్ పెడతారు. అందుకే ఇంత వేగంగా తిరుగుతోంది, అందుకే మిగతా ఆరింటికన్నా ఇదే ప్రమాదం.

ఛార్జర్ ఎందుకు ఎక్కించనంటోంది? నెలల తరబడి వాడకుండా పడేస్తే సెల్లు ఉండాల్సిన దానికన్నా బాగా కిందికి, 2 వోల్టులు, అంతకన్నా దిగువకి జారిపోతుంది. అక్కడ లోపల నెగటివ్ వైపు ఉండే రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ ఎక్కినప్పుడు ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుంటుంది, సెల్లు లోపలే షార్ట్ అయ్యే దారి వేస్తుంది. ఆ షార్ట్ వెంటనే అవ్వాలని లేదు, రేపవ్వొచ్చు, ఇంకో పది ఛార్జింగ్‌ల తర్వాత అవ్వొచ్చు. ఇంకోటి, ఈ బ్యాటరీల్లో రెండు సెల్లులు వరసగా ఉంటాయి, ఒకటి బలహీనపడి ఇంకోటి బాగుంటే మొత్తం 8.4 వోల్టులు చూపిస్తూనే బాగున్న సెల్లు తన హద్దు 4.2 వోల్టులు దాటి ఎక్కువ మోసేస్తుంది. అలా అవ్వకుండా చూడ్డానికే లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది. ప్లాస్టిక్ విప్పి డైరెక్టుగా సెల్లుకే ఇవ్వమంటున్నాడంటే ఆ సర్క్యూట్‌ని పక్కకి నెట్టెయ్యమంటున్నాడన్నమాట. పైగా ఫుల్ బ్యాటరీ నుంచి వైరు వేస్తే ఎంత కరెంటు వెళ్లాలో ఆపేది ఏదీ లేదు. కాపలావాణ్ణి కొట్టి పంపించేసి, తలుపు తెరుచుకుంది కాబట్టి ఇల్లు బాగుందని సంబరపడండి!

ఇప్పుడు మనం బ్యాటరీలు ఎక్కడ ఛార్జ్ పెడతామో ఆలోచించండి. విడిది గదిలో, పరుపుల పక్కన, ఆడవాళ్ల పట్టుచీరల బ్యాగుల మధ్య, పిల్లలు పడుకున్న చోట, ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకి నాలుగు ఛార్జర్లు. మనం బయట షామియానా కింద ఉంటాం, గదిలో ఏమవుతోందో చూసేవాళ్లుండరు. లిథియం సెల్లు ఒకసారి అదుపు తప్పి వేడెక్కడం మొదలైతే ప్లగ్గు పీకేసినా ఆగదు, తన వేడి తనే పుట్టించుకుంటుంది. పెళ్లివారు ఇంటిల్లిపాదినీ మన చేతిలో పెట్టి ఫొటోలు తియ్యమన్నారు. కొత్త బ్యాటరీ డబ్బులు మిగుల్చుకోవడానికి ఆ గదిలో ఇది పెడతామా? ఒరిజినల్ వేలల్లో ఉందని, పెళ్లివాళ్లు బ్యాలెన్స్ ఇవ్వక మనం ఎలా ఈడుస్తున్నామో నాకూ తెలుసు. అయినా వద్దు.

లైటు గబగబా కొట్టుకుంటే చెయ్యాల్సింది: వేడిగా ఉంటే చల్లారనివ్వండి, పిన్నులు తుడవండి, అదే కంపెనీ ఛార్జర్లో కళ్లముందు కాసేపు ఉంచండి. చాలా ఛార్జర్లు బాగా దిగిపోయిన బ్యాటరీకి ముందు చాలా తక్కువ కరెంటుతో నెమ్మదిగా ఎక్కించి చూస్తాయి. అది వద్దంటే వద్దనే.

సూది గురించి ఏం రాయను? ఉబ్బినదాంట్లో ఉన్నది మండే గ్యాస్. దాంట్లోకి ఇనుప సూది దించడం అంటే లోపలి ప్లస్, మైనస్ పొరల్ని చేతులారా షార్ట్ చెయ్యడం. సలహా ఇచ్చినవాణ్ణే ముందు చెయ్యమనండి. ఉబ్బి కెమెరాలో ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో తవ్వకండి, సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి. బయటకి వచ్చినదానికి పిన్నుల మీద టేపు వేసి, కాలేవాటికి దూరంగా పెట్టి, బ్యాటరీలు తీసుకునే షాపుకో ఈ-వేస్ట్ వాళ్లకో ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాడేసినవి సేకరించే బాధ్యత తయారుచేసేవాళ్లది. చెత్తబండిలో వెయ్యకండి, తోసుకెళ్లేవాడూ మనిషే.

ఎంఏహెచ్ పిచ్చి గురించి ఒక లెక్క. క్యానన్ ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ 2008లో వచ్చినప్పుడు 1800 ఎంఏహెచ్. తర్వాత ఎల్‌పీ-ఈ6ఎన్ వచ్చింది, 1865. 2020లో ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్, 2130. అదే సైజు డబ్బాలో అంత పెద్ద కంపెనీకి 12 ఏళ్లలో పెరిగింది 330. మరి పావు రేటుకి దొరికే డూప్లికేట్ మీద 2800 అని రాసుంటే ఆ అంకె సెల్లులో ఉందా స్టిక్కర్ మీద ఉందా? మంచి పేరున్న వేరే కంపెనీవి కొనొద్దనను, నమ్మకంగా పనిచేసేవి ఉన్నాయి. స్టిక్కర్ చూసి మాత్రం కొనకండి.

ఏడోది పూర్తిగా కరెక్టు, దానికి నేనేమీ అనను. మన సముద్రపు గాలికి పిన్నుల మీద చిలుం పడుతుంది, పొడి గుడ్డతో తుడిస్తే "చచ్చిపోయింది" అనుకున్నవి కొన్ని లేచి కూర్చుంటాయి. సీజన్ అయ్యాక కెమెరాలోంచి తీసి సగం ఛార్జ్‌తో దాచుకుంటే, మధ్యలో ఒకసారి చూసుకుంటే, అసలు నాలుగో పాయింట్ దాకా వచ్చే అవసరమే పడదు.

కొత్తది కొనాలా వద్దా అన్నది కెమెరానే అడగొచ్చు. ఒరిజినల్ వేసుంటే చాలా క్యానన్‌లలో బ్యాటరీ ఇన్ఫోలో మూడు పచ్చ గడులుంటాయి, ఒక్క ఎర్రది మిగిలితే మార్చమని. చాలా నికాన్‌లలో బ్యాటరీ వయసు 0 నుంచి 4 దాకా చూపిస్తుంది, 4 అంటే అయిపోయిందని. ఎర్రది వస్తే దాన్ని పెళ్లికి తీసుకెళ్లకండి. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు ఆ గ్రూపుల్లోనే ఇవాళే డిలీట్ చేసి, నాలుగూ అయిదూ తప్పని ఒక్క లైను రాయండి.