60 లీటర్ల ఉప్పునీటి ట్యాంకుకు క్యానిస్టర్ ఎందుకండీ?

అనంతపురంలో ఉప్పునీటి చేపలు పెంచుతామని దుకాణానికి వెళ్లినవారికి ముందుగా చూపించేది క్యానిస్టర్ ఫిల్టరు, అంటే ట్యాంకు బయట పెట్టి గొట్టాలతో నీటిని తిప్పే వడపోత డబ్బా. ట్యాంకు 60 లీటర్లేనని, అందులో వేసేది రెండు క్లౌన్ చేపలేనని చెప్పినా, "పెద్దదే తీసుకోండి సార్, తర్వాత ఇబ్బంది ఉండదు" అంటారు. చిన్న ఉప్పునీటి ట్యాంకుకు, అందులోనూ మన ఊళ్లో, ఇంతకంటే దండగ కొనుగోలు మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం.

చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కలిసి అమ్మోనియా అవుతాయి. సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.1 నుంచి 8.4 వరకు ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది కాబట్టి, మంచినీటి ట్యాంకులో చేప తట్టుకోగల అమ్మోనియా కూడా ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు. ఆ అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. వాటికి కావలసింది అంటుకోవడానికి చోటు, ఆక్సిజన్, కదిలే నీరు మాత్రమే. సన్నని రంధ్రాలున్న రాయి ఐదారు కిలోలు పేర్చి, మీదుగా నీరు పారేలా చేస్తే ఈ మూడూ సమకూరి, ఫిల్టరు చేయాల్సిన ఈ పని రాయే చేస్తుంది. పైగా ఆక్సిజన్ అందని రాతి లోపలి పొరల్లో నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చే బ్యాక్టీరియా కూడా చేరుతుంది. అయితే మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకు రక్షణ కల్పిస్తోంది కనుక, సాధారణంగా పగడాల నుంచే ఏర్పడే సముద్రపు రాయి జోలికి పోకుండా ఎండు రాయే అడగండి. అందులో బ్యాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రాకముందే చేపను వదలకూడదు.

ఇక క్యానిస్టర్ సంగతి. అది మూత బిగించిన డబ్బా. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి గంటల తరబడి రాకపోతే, లోపల నిలిచిన నీటిలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు వచ్చిన మరుక్షణం ఆ కుళ్లు నీళ్లన్నీ ట్యాంకులోకే వస్తాయి. కరెంటు పోకపోయినా, నెలల తరబడి విప్పని క్యానిస్టర్ స్పాంజిని ఒకసారి పిండి చూడండి. వేళ్ల సందుల్లోంచి కారే ఆ గోధుమరంగు బురదంతా నైట్రేట్‌కు ముడిసరుకే. కంటికి కనబడని చోట దాగిన మురికిని ఎంతమంది వారం వారం కడుగుతారు?

నీటిలోని మలినాలను బుడగల నురుగుతో బయటికి లాగే ప్రొటీన్ స్కిమ్మర్ మంచి పరికరమే, కాదనను. కానీ ఇంత చిన్న ట్యాంకులో వారానికి ఆరేడు లీటర్ల నీళ్లు మార్చితే దాని అవసరం దాదాపు ఉండదు.

మిగిలిన డబ్బు నీటి మీద పెట్టండి. మన జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్, కాఠిన్యం సంగతి అందరికీ తెలిసిందే. బోరు నీళ్లలో ఎంత ఖరీదైన సముద్రపు ఉప్పు కలిపినా ప్రయోజనం లేదు. ఆర్‌ఓ నీళ్లే వాడాలి, అదీ నీటిలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరుతో చూసుకున్నాకే, ఎందుకంటే చాలా ఇళ్లలోని ఆర్‌ఓ యంత్రాలకు రుచి కోసం మామూలు నీటిని కొంత కలిపే చిన్న వాల్వు ఉంటుంది. ఆవిరయ్యేది నీరే కానీ ఉప్పు కాదు, కాబట్టి తగ్గిన మట్టాన్ని ఉప్పు కలపని ఆర్‌ఓ నీటితోనే నింపి, సాపేక్ష సాంద్రతను (మంచినీటితో పోల్చిన బరువు) 1.025 దగ్గర నిలపాలి.

ట్యాంకు అంచుకు తగిలించే చిన్న ఫిల్టరులో ఒక స్పాంజి, కాస్త యాక్టివేటెడ్ కార్బన్, పక్కన నీటిని కదిలించే ఒక చిన్న వేవ్ మేకర్: పరికరాలుగా ఇవి చాలు. స్పాంజి ఎదురుగానే ఉంటుంది కనుక, నీళ్లు మార్చిన రోజే తీసేసిన ఉప్పునీటిలో పిండి మళ్లీ పెట్టేయవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో నీటి ఉపరితలం మీదికి ఒక చిన్న ఫ్యాను తిప్పితే, మన పొడిగాలికి నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఇన్వర్టరు లేని ఇంట్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును మాత్రం చేపల కంటే ముందే కొనిపెట్టుకోండి.